ముప్ఫై ఆరు గాజు బుడ్లు

మా అత్తగారు పొగాకు చేలకు వచ్చిన రోజున నా చేతులు మోచేతుల దాకా నల్లగా జిగురు పట్టి ఉన్నాయి. ఆవిడ కారు దిగి, కర్రకు ఆనుకుని నిలబడి, ముందు నా చేతులు చూసింది. తరువాత మొహం చూసింది.

"తారు పీపాలో పడ్డావటే?" అంది.

"ఆకు పసరు అత్తా. సబ్బుకి పోదు."

"మరి పిల్లని ఎత్తుకోవడం?"

"చేతులకి గుడ్డ చుట్టుకుంటాను."

"మంచిదే. నన్నెత్తుకునేటప్పుడు మాత్రం చుట్టుకోకు. నాకు దురద."

ఆవిడని ఎత్తుకోవాల్సి వస్తుందని అప్పటికి నేననుకోలేదు. తుంటి ఎముకలో మొదలైన రోగం. చలికాలంలో కరకోల్ పెద్దాసుపత్రిలో కోసి చూసి, మళ్ళీ కుట్టేసి ఇంటికి పంపేశారు. ఇక చేసేదేమీ లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారు. ఆ నొప్పి తెలియకుండా చూసుకునే పని ఆ వేసవి నా మీద పడింది. నర్సు చదువు ఒక్క ఏడాది చదివాను. రెండో ఏడు పుస్తకాలు కొనకముందే పెళ్ళయింది. ఆ ఒక్క ఏడాదిలో సూది వెయ్యడం మాత్రం నేర్పారు.

అప్పటికి మేం కజక్‌ల నేల మీద పొగాకు పనికి రావడం రెండో వేసవి. సరిహద్దుకి అవతల, మా దేశంలో, తూప్‌లో మా ఇల్లు తాళం వేసి ఉంది. మా ఆయన ఆకు కోస్తాడు, నేను దబ్బనంతో దండలు గుచ్చుతాను, పదకొండు నెలల మైరమ్ నా చుట్టూ పాకుతూ ఉంటుంది. సెప్టెంబరు దాకా ఆగమ్మా, వచ్చేస్తాం అని మా ఆయన ఫోన్‌లో చెప్పాడు. "సెప్టెంబరు దాకా ఎవరాగుతార్రా" అని ఆవిడ తనే బయల్దేరి వచ్చేసింది.

"మందేదత్తా?" అన్నాను గుడిసెలో కూర్చోబెట్టాక.

ఆవిడ రవిక లోపలి నుంచి తలగుడ్డలో చుట్టిన అట్టపెట్టె తీసింది. పెట్టెలో అరవై గాజు బుడ్లు. ఒక్కోటీ చిటికెన వేలంత, మెడ సన్నగా, లోపల నీళ్ళలాంటి మందు. పైన గుండ్రటి ముద్ర వేసిన కాగితం. పేరు, రోగం, మందు, ఎన్ని బుడ్లు, ఎవరి కోసం, అన్నీ మా ఊరి డాక్టర్ కాదిచా తన చేత్తో రాసింది. రోజుకి రెండు, అంటే నెల రోజులకి.

"సరిహద్దు దగ్గర ఏమనలేదా?"

"అనకపోవడమేంటి. మీసాలు కూడా రాని కుర్రాడు. ఇదేంటవ్వా అన్నాడు. మందు నాయనా అన్నాను. ఇంతెందుకూ అన్నాడు. ఎక్కడ పొడుచుకుంటానో చూపించమంటావా అని పావడా పట్టుకున్నాను. కాగితం మీద ముద్ర కొట్టేసి, వెళ్ళవ్వా వెళ్ళు అన్నాడు."

మా ఆయన మొహం అటు తిప్పుకుని నవ్వాడు. తరువాత ఆవిడ నవ్వాపేసి నా వైపు వేలు చూపించింది.

"కాదిచా చెప్పింది విను. ఒక్క బుడ్డి కూడా పారెయ్యకూడదు. మందు అయిపోయాక ఖాళీలన్నీ పట్టుకెళ్ళి ఆవిడ బల్ల మీద పొయ్యాలి. అరవై లెక్కపెట్టుకుంటేనే ఇంకో పెట్టె ఇస్తుంది. అమ్ముకునేవాళ్ళున్నారట."

ఆ సంగతి నాకు తెలుసు. మా ఊళ్ళో అలాంటి రోగి ఉన్న ప్రతి ఇంట్లోనూ కిటికీ మీద ఒక జాడీ ఉంటుంది. ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. నేనూ ఒక ఊరగాయ జాడీ కడిగి, గుడిసె చూరు కింద ఎత్తుగా పెట్టాను.

*

ఆ జూలై నాకిప్పటికీ నీళ్ళ కింద నుంచి చూసినట్టే గుర్తుంది.

తెల్లారకముందే మగవాళ్ళు ఆకు కోసుకొచ్చి పందిరి కింద కుప్ప పోసేవాళ్ళు. మంచుతో తడిసిన ఆకు కుప్పలోంచి ఒక వాసన వచ్చేది, తియ్యగా, మత్తుగా. గంటసేపు గుచ్చేసరికి తల తేలికైపోయేది. ఎదురుగా ఎండకు వేలాడదీసిన దండలు ఆకుపచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి బెల్లం రంగుకీ తిరిగేవి. వాటి సందుల్లోంచి వచ్చే వెలుగు కూడా ఆ రంగే. ఆ వెలుగులో మైరమ్ నిద్రపోతుంటే దాని చెంపలు ఖుబానీ పండ్లలా కనిపించేవి. మా అత్తగారిని కూడా అక్కడే, దుప్పట్లు మడతేసి పడుకోబెట్టేదాన్ని.

పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. బుడ్డి మెడ గుడ్డతో పట్టుకుని విరిస్తే టిక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకే ఆవిడ కళ్ళు మూసుకునేది.

"ఒక్క ఏడాది చదువుకే చెయ్యి ఇంత మంటపెడితే, నాలుగేళ్ళూ చదివుంటే చంపేసేదానివి" అనేది.

"కదలకండత్తా."

"కదిలితే నువ్వు పొడిచిన చోట ఉంటుందా ప్రాణం."

పావుగంటకి ఆవిడ నుదుటి మీద ముడత విడిపోయేది. మాట నెమ్మదయ్యేది. "ఒళ్ళు పాల మీద మీగడలా తేలుతోందే" అనేది. తరువాత ఆ తేలడంలో ఏవేవో చెప్పేది. సరస్సు ఒడ్డున గడ్డి కోయడం, ఆడగుర్రం ఒకటి రాత్రంతా ఈది అవతలికి పోవడం, మా మామగారు పెళ్ళికి ముందు తన కోసం మూడు రోజులు గుమ్మం ముందు నిలబడటం. ఎంత నిజమో ఎంత మందో నాకు తెలియదు. దబ్బనం ఆపకుండా ఊ కొట్టేదాన్ని.

నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. బుడ్లు లెక్కపెట్టేదాన్ని. ముప్ఫై నిండు, ముప్ఫై ఖాళీ. ఇరవై ఎనిమిది, ముప్ఫై రెండు. మందు ఎక్కువేశానా, తక్కువేశానా. పిల్ల పైకి పాకుతుందా. చూరు అందదు కదా. అందదు. అయినా లేచి చూసేదాన్ని.

పద్దెనిమిదో రోజు అందింది.

చూరు కాదు. నేను విరిచి పక్కన పెట్టిన బుడ్డి మెడ దుప్పటి మడతలోకి దొర్లింది. మైరమ్ ఏడవలేదు. నా వైపు చూసి నవ్వింది. నవ్వితే పెదవి మీద ఎర్రగా ఉంది. వేలు పెట్టి లాగితే నాలుక కింద గాజు ముక్క తగిలింది. నా వేలు కూడా తెగింది. ఏది ఎవరి నెత్తురో తెలియలేదు. మైరమ్‌ని తలకిందులుగా పట్టుకుని కాలవ దాకా పరిగెత్తాను. నోరు కడిగాను, మళ్ళీ కడిగాను. పెదవి మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. అది నీళ్ళు చూసి కేరింతలు కొడుతోంది. నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

అక్కడ గుడ్డలుతుకుతున్న సోనున్ అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. మా దేశంలోనే ఉజ్గెన్ వైపు మనిషి. హస్తవాసి మంచిదని పొగాకు చేలన్నీ ఆవిడ దగ్గరికి వస్తాయి. బెణుకు, దడుపు, దిష్టి, అన్నిటికీ.

"ఆ గాజు ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావే?" అంది.

"పద్దెనిమిది రోజులు."

"రోగి ఒంట్లోకి పోయినవన్నీ పసిపిల్ల నెత్తి మీద జాడీలో పెట్టుకుని పడుకుంటున్నావు. రోగం బయటికి రావాలని ప్రయత్నిస్తుంటే నువ్వు మూత పెడుతున్నావు."

"తిరిగివ్వాలక్కా. లేకపోతే మందివ్వరు."

"మందు అవసరం లేకుండా పోతే?"

ఆవిడ నా వేలికి పచ్చాకు నలిపి కట్టింది.

రోగాన్ని ఒక వస్తువులోకి ఎక్కించి పారే నీళ్ళలో వదిలెయ్యడం మా వాళ్ళకి కొత్త కాదు. కోచురుక్ అంటారు. మా నాయనమ్మ నా చిన్నప్పుడు నా పచ్చకామెర్లు అలాగే ఒక గుడ్డబొమ్మలోకి దింపి ఏట్లో వేసింది. మా నర్సు స్కూల్లో టీచరు దాన్ని చెప్పి నవ్వింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ పచ్చకామెర్లు తగ్గిన మాట నిజమే.

మర్నాడు పొద్దున జాడీలోని ముప్ఫై ఆరు బుడ్లనీ ఆవిడ పాత తలగుడ్డలో పోసి, గుప్పెడు ఉప్పు వేసి, మూడు ముళ్ళు వేశాను. నిద్రలో ఉన్న అత్తగారి చుట్టూ మూడుసార్లు తిప్పాను. మైరమ్‌ని వీపున కట్టుకుని పెద్ద కాలవ గట్టుకి వెళ్ళాను. నీళ్ళు నిండుగా, ఇసుక రంగులో, చప్పుడు లేకుండా పోతున్నాయి. మూట వదిలాను. ఒక్క క్షణం తేలింది, మూలుగులాంటి గాజు చప్పుడు చేసింది, మునిగింది.

వెనక్కి చూడకుండా రావాలి. పది అడుగులు వేశాక మైరమ్ నా వీపు మీద అటు తిరిగి, చెయ్యి చాపి ఏదో అంది. ఏం చూపిస్తోందోనని తిరిగి చూశాను. ఏమీ లేదు. నీళ్ళే.

*

ఆ తరువాత ఆరు రోజులు అత్తగారు బాగుంది.

ఇది నేను కల్పించుకున్నది కాదు. అందరూ చూశారు. కర్ర పట్టుకుని పందిరి చివరి దాకా నడిచింది. రొట్టె పిండి తనే పిసికింది, నేను పిసికితే చెప్పు తోలులా ఉంటుందని. మైరమ్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దండ గుచ్చి, నా దండ పక్కన పెట్టి కొలిచింది.

"సాపర్, చూడరా. రోగిష్టిది గుచ్చిన దండ పొడుగు, పడుచుది గుచ్చింది పొట్టి. నీ పెళ్ళాం తిండి దండగ."

"అమ్మా, ఆమె పిల్లని చూసుకుంటూ గుచ్చుతోంది" అన్నాడు మా ఆయన.

"నేను చూసుకోవట్లా? ఇది నా ఒళ్ళో ఉన్నది పిల్ల కాకపోతే పుచ్చకాయా?"

సోనున్ అక్క దూరం నుంచి నా వైపు చూసి తలూపింది. నేనే ఈ పని చేశాను అనుకున్నాను. చదువు లేకపోతేనేం అనుకున్నాను. అయినా తరువాత వాడిన బుడ్లని మాత్రం పారెయ్యలేదు. ఎందుకో చెప్పలేను. గుడ్డలో కట్టి చూరులో దోపాను.

ఏడో రోజు పొద్దున సూది వేశాక ఆవిడ నుదురు విడలేదు. మధ్యాహ్నానికి పెదవి కొరుక్కుంటోంది. మా ఆయన గుట్ట ఎక్కి, ఫోన్ అందే చోట నిలబడి కాదిచా డాక్టరుతో మాట్లాడి వచ్చాడు.

"రోజుకి మూడు వెయ్యమంది. అంతకు మించి వద్దంది. ఈ పెట్టె అయ్యేలోగా అమ్మని తీసుకొచ్చెయ్యండి, చూసి రాస్తాను, ఖాళీలు మర్చిపోవద్దు అంది." నీళ్ళు తాగుతూ అడిగాడు. "జాడీ ఏది? కనపడలేదు."

"తీసి దాచాను. పిల్లకి అందుతోందని."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది. దండ గుచ్చుతూనే చెప్పాను.

రెండు రోజులకి ఆరు మిగిలాయి. ఆ పొద్దున ఆవిడకి సూది వేసి, ముద్ర కాగితం తీసుకుని, పిల్లని వీపున కట్టుకుని, పొయ్యిలోకి పుల్లలు తెస్తానని చెప్పి ఆ ఊరి ఆసుపత్రికి వెళ్ళాను. తెల్లటి గోడలు, చల్లటి గది. గ్లాసు కిటికీ అవతల ఒక కజక్ నర్సు, మా అమ్మ వయసు. కాగితం అటూ ఇటూ తిప్పి చదివింది.

"రాసింది సరిగ్గానే ఉందమ్మా. కానీ ఈ ముద్ర కొండకి అవతలది."

"మందు ఒకటే కదండీ. నొప్పి ఒకటే."

"నొప్పి ఒకటే. రిజిస్టరు వేరు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ మందు ఇవ్వాలంటే ఆవిడ పేరు ఇక్కడ నమోదు కావాలి, మా డాక్టర్లు చూడాలి, ముగ్గురు సంతకం పెట్టాలి. పాస్‌పోర్టు తెస్తే మొదలుపెడతాను. రెండు వారాలు పడుతుంది."

"పాస్‌పోర్టులు పొలం యజమాని పెట్టెలో ఉన్నాయి."

ఆవిడ నిట్టూర్చింది. ఆ మాట ఇంతకుముందు చాలాసార్లు విన్నట్టుంది. మామూలు నొప్పి మాత్రలు ఒక అట్ట చేతిలో పెట్టింది, పిల్లకి బిస్కెట్టు ఇచ్చింది.

"మీ దేశం తీసుకుపో తల్లీ. అక్కడ మందుంది కదా."

ఉంది. నా జాడీ లేదు.

తిరిగొచ్చే దారిలో కాలవ గట్టు మీద కాసేపు నిలబడ్డాను. మూట వేసిన చోటు ఏదో కూడా గుర్తుపట్టలేకపోయాను. గట్టంతా ఒకేలా ఉంది. నీళ్ళు అంతే నింపాదిగా పోతున్నాయి.

సాయంత్రం ఆ రోజుకి రెండో సూది వేశాక, ఆవిడ తేలడం మొదలుపెట్టకముందే చెప్పేశాను. మా ఆయనకి చెప్పే ధైర్యం లేక ఆవిడకి చెప్పాను. ఆకుల మధ్య కూర్చుని, తలెత్తకుండా, మొదటి నుంచి. గాజు ముక్క, నెత్తురు, సోనున్ అక్క, కాలవ.

దండల మీద ఒక పిట్ట వాలి ఎగిరిపోయింది.

"ఉప్పు వేశావా?" అంది.

"వేశాను."

"మూడు ముళ్ళు?"

"వేశాను."

"వెనక్కి చూశావా?"

నేను చేతిలోని ఆకుని అటూ ఇటూ తిప్పాను.

"చూసి ఉంటావు" అంది. "అందుకే పని చెయ్యలేదు."

నేను ఏడుస్తున్నాను. ఆవిడ చెయ్యి చాపి నా నల్లటి మణికట్టు పట్టుకుంది. "ఏడవకు. ఆ ఆరు రోజులూ బాగానే గడిచాయిగా. వాడికి చెప్పకు. వాడు పరిగెత్తుకెళ్ళి కాలవలో దూకుతాడు, వాడికి ఈత రాదు."

*

యజమాని దగ్గర పాస్‌పోర్టులు రాబట్టడానికి మా ఆయనకి ఒక రోజంతా పట్టింది. ఆవిడదీ నాదీ ఇచ్చాడు, మా ఆయనది పంట అయ్యాకే అన్నాడు. ఆ సాయంత్రం ఆవిడ మూడో సూది వద్దంది. "దారికి ఉంచు" అంది. ఆ రాత్రి గోడ వైపు తిరిగి పడుకుని దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంది. తెల్లారేసరికి ఆ అంచు చిల్లులు పడింది.

బయల్దేరేటప్పుడు ఒకటి వేశాను. పెట్టెలో ఒకటే మిగిలింది. మా ఆయన తల్లిని ఎత్తుకుని అద్దె కారు వెనక సీటులో పడుకోబెట్టి, తలుపు వెయ్యకుండా అక్కడే నిలబడ్డాడు.

"వెయ్యరా తలుపు. దుమ్మొస్తోంది" అంది ఆవిడ.

వేశాడు.

కెగెన్ దాటాక దారి పైకి ఎక్కుతుంది. పొగాకు వాసన వెనకబడి గడ్డి వాసన వచ్చింది. కర్‌కిరా మైదానంలో గడ్డి మోకాళ్ళెత్తు, మధ్యలో పసుపు పూలు, వాటి మధ్యలో ఒక రేకుల గది, ఒక అడ్డుకర్ర. అదే సరిహద్దు. అంత ఆకాశం కింద అంత చిన్న గది. కుదుపులకి ఆవిడ మొహం బూడిద రంగుకి తిరిగింది. కారులోనే, అడ్డుకర్ర ముందే, ఆఖరి బుడ్డి విరిచాను. సిపాయి అద్దంలోంచి తొంగి చూసి, నా చేతిలో సూది చూసి, కాగితం అడిగాడు. ఇచ్చాను. చదివాడు. సూది వెయ్యడం అయ్యేదాకా వీపు మాకు పెట్టి నిలబడ్డాడు. తరువాత తనే వెళ్ళి కర్ర ఎత్తాడు.

మబ్బు నీడలు గడ్డి మీద పాకుతున్నాయి. "గుర్రాలు" అంది ఆవిడ. అక్కడ గుర్రాలేం లేవు. నేను ఊ అన్నాను.

నాలుగు గంటలకి తూప్ ఆసుపత్రి చేరాం. నేరుగా అక్కడికే పొమ్మంది ఆవిడ. డ్రైవరూ, పిల్లని వీపున కట్టుకున్న నేనూ చేతుల మీద మోసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాం. కాదిచా డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని గుడ్డ మూట విప్పి, బుడ్లని పెన్సిలుతో ఒక్కొక్కటే పక్కకి జరిపింది.

"ఇరవై నాలుగు" అంది. "నేను అరవై ఇచ్చాను."

నేను నోరు తెరిచాను.

"నేను పారేశాను" అంది మా అత్తగారు.

డాక్టరు ఆవిడ వైపు చూసింది.

"పారేశారా? ఎక్కడ?"

"కాలవలో. కోచురుక్ చేసుకున్నాను. రోగం పోతుందని. కోడలు వద్దంటూనే ఉంది, ఇది చదువుకున్నది కదా. నేను వింటేనా."

"మీరు నడవలేరు. కాలవ దాకా ఎలా వెళ్ళారు?"

"ఆ ఆరు రోజులు నడిచాను. అడుగు, అందరూ చూశారు."

డాక్టరు నా వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది, వేలికి మానుతున్న గాటు వైపు చూసింది. పదేళ్ళ నుంచి ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆవిడకి తెలియనిదంటూ ఏమీ ఉండదు.

"ముప్ఫై ఆరు బుడ్లు" అంది నెమ్మదిగా. "ఇది నేను పైకి రాయాలి. కమిషన్ కూర్చుంటుంది. పోలీసులకి కాపీ వెళుతుంది. వచ్చి అడిగితే ఇదే చెబుతారా?"

"ఇంకోటి చెప్పడానికి నాకు గుర్తుండొద్దూ."

డాక్టరు ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టింది. "రాసివ్వండి."

"నా కళ్ళు ఆనవు. ఇది రాస్తుంది, నేను వేలిముద్ర వేస్తాను."

పెన్ను నా చేతికి వచ్చింది. ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. నేను, అని మొదలుపెట్టి ఆగాను. అక్కడ ఆవిడ పేరు రాయాలి. మాలో కోడలు అత్తగారి పేరు పలకదు. ఇన్నాళ్ళూ నా నోటి వెంట ఆ పేరు రాలేదు. అదే పేరుతో ఎవరైనా ఎదురైతే వాళ్ళని కూడా ఇంకేదో పేరుతో పిలిచేదాన్ని.

"రాయవే" అంది ఆవిడ. "పలకమనలేదుగా."

రాశాను. బాపాయేవా ఉరుమ్‌కాన్ అనే నేను, నా ఇష్టంతో, ఎవరూ చెప్పకుండా. అక్షరాలు వంకరగా వచ్చాయి. చివర ఆవిడ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కాను. ఆ వేలు ఎంత తేలికైపోయిందో అప్పుడే చూశాను.

"కమిషన్ తేల్చేదాకా మూడు రోజులకి మించి ఇవ్వను" అంది డాక్టరు సొరుగు తాళం తీస్తూ. "తొమ్మిది. తొమ్మిదీ తిరిగి తెస్తే ఇంకో తొమ్మిది. కొండ దాటడం కుదరదు మీకు."

ఆ మాటతో మా పొగాకు సీజను అయిపోయింది. నాదీ, పిల్లదీ, ఆవిడదీ. మా ఆయన ఒక్కడే అక్టోబరు దాకా అవతల ఉండిపోయాడు. నేను తాళం తీసి, ఇల్లు ఊడ్చి, మంచు పడేదాకా ప్రతి మూడో రోజూ తొమ్మిది ఖాళీలు పట్టుకుని ఆ గుమ్మం ఎక్కాను. ఒక్కటీ తగ్గలేదు.

కానీ ఆ సాయంత్రం అప్పటికి ఇవేవీ నాకు తెలియవు. అక్కడే నడవాలో ఆవిడకి సూది వేశాను. కారులో నా భుజానికి తలానించింది. పిల్ల ఒళ్ళో, ఆవిడ భుజాన. కిటికీలోంచి సరస్సు కనపడింది, పొద్దు వాలుతుంటే పాలలా తెల్లగా.

"ఎందుకలా చెప్పారత్తా?" అన్నాను.

"ఎలా?"

"నేను చేసింది మీరు చేశానని."

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నుదురు విడిపోతోంది.

"నర్సు చదువు చదివినదానివి. ముప్ఫై ఆరు బుడ్లు పోయాయంటే నువ్వు అమ్ముకున్నావనే అంటారు. నిన్ను పట్టుకుపోతే దీనికి పాలెవరిస్తారు?" కాసేపు ఊపిరి తీసుకుంది. "నన్ను పట్టుకుపోనీ. ఎన్నేళ్ళు వేస్తే మాత్రం ఏం? ఎన్నేళ్ళు కూర్చుంటానని?"

డ్రైవరు నవ్వాపుకోలేక దగ్గాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందో తెలియలేదు.

తరువాత ఆవిడ మాట్లాడలేదు. దారి పక్క పొప్లర్ చెట్ల నీడలు ఒక్కొక్కటే ఆవిడ మొహం మీద నుంచి దాటిపోతున్నాయి. మొహం అంత నునుపుగా నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి చల్లగా ఉంది. ఊపిరి తెలియడం లేదు. మందు ఎక్కువైందా, ఎంత వేశాను, ఎన్ని గంటలకి వేశాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఒంగి, పసిపిల్లకి చూసినట్టు ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"పొగాకు కంపు" అంది ఆవిడ కళ్ళు తెరవకుండా. "తియ్యి. నిద్దర్లో ఉన్నాను."

తీశాను. ఇల్లొచ్చినా చాలాసేపు దిగలేదు మేము.